తుప్పు మీద రంగు

గేటుకి రంగేసీసినావేటి బావూ? తుప్పు గీకినావా, నేక దాని మీదే పూసీసినావా? నవ్వుతన్నావంటే గీకనేదన్నమాట. గేగులు కాలడానికి ఇంకా టైముంది గాని, మంట కాడకొచ్చి కూకో.

మా తాత పడవలో ఇనప మేకన్నది నేదు. పలకల్ని పీసుతాడుతో కుట్టీవోలు. కెరటం బాదితే వంగీది గాని పగిలీది కాదు. ఆ ఇంట్లో పుట్టిన నాను 1986లో షార్జా ఎల్లి, ఓ పడవల యార్డులో పెయింటర్ల కాడ హెల్పరుగా సేరినాను. తెరచాప పడవని ఒడ్డుకెత్తితే దాని అడుగు సూడడం అదే మొదలు. కింద సేప రెక్కలాగ పోత ఇనప దిమ్మ! రమారమి రెండు టన్నులు. ఇంత ఇనుమెడితే ములిగిపోదా అన్నాను. మా మేస్త్రీ మలయాళీ. "అది నేకపోతేనే బోల్తా కొడతాది" అన్నాడు. గాలి పైన తెరచాపని తోస్తంటే, ఆ బరువు కిందనుంచి లాగి నిలబెడతాదట. దాన్ని కీల్ అంటారు.

తుప్పు తుమ్మ బెరడులాగ పెళ్లలు పెళ్లలుగా ఊడింది. సుత్తితో కొట్టి గ్రైండరేసినాం. తళతళలాడిపోనాది, ఇంకేటి, రంగెయ్యడమే అనుకున్నాను. మేస్త్రీ నా వేలట్టుకుని ఓ సన్న గుంటలో గీయించినాడు. గోటికి నల్ల పొడి. గుంటలో తుప్పు, తుప్పులో ఉప్పు! మన సముద్రం కన్నా అక్కడి నీళ్లు మరీ ఉప్పు. మంచినీళ్లతో కడిగించి, ఆరినాక బ్లాస్టింగ్, అంటే గాలి జోరుతో గరుకు రవ్వ, కొట్టించినాడు. ఇనుము వెండిబూడిద రంగుకి వచ్చీసింది.

తప్పు అక్కడ సేసినాను. మేస్త్రీ ఊరెల్లినాడు. సాయంత్రమైపోయిందని, ప్రైమరు పొద్దున్నేద్దాం అనీసినాను. గల్ఫు సముద్రపొడ్డున రాత్రి మంచు ఎలాగుంటాదో నాకేటి తెలుసు! తెల్లారి సూస్తే కీలంతా పసుపూ కుంకుమా కలిపి రాసినట్టుంది. మళ్లీ మొదట్నుంచీ బ్లాస్టింగు. ఆ తర్వాత నాకో థర్మామీటరిచ్చినారు. ఇనుము వేడి, మంచు పట్టే వేడి కన్నా కనీసం 3 డిగ్రీలు పైనుండాల. గాల్లో తేమ నూటికి 85 దాటితే డబ్బా మూతే తియ్యకూడదు.

అక్కడనుంచి ఎపాక్సీ ప్రైమరు, గుంటల్లో ఎపాక్సీ లప్పం, మళ్లీ ఎపాక్సీ, ఎన్ని కోట్లో! ఆఖర్న నాచూ గుల్లలూ పట్టకుండా రాగి కలిసిన రంగు. ఆ రాగి ఇనుముకి తగిలిందా, ఉప్పునీట్లో ఇనుముని తినీస్తాది. పడవ ఓనరు ఇంగ్లీసాయన. 1761లో వాళ్ల 'అలారం' అనే యుద్ధ ఓడ అడుక్కి రాగి రేకులు కొడితే, రెండేళ్లలో ఇనప మేకులు కరిగిపోనాయని సెప్పినాడు. అప్పుడు మా తాత పీసుతాడు నాకు గుర్తొచ్చింది.

ఒకటి మిగిలింది. కీలు ఏ సెక్క దిమ్మల మీద కూకుందో, ఆ సోట రంగు పడదు కదా! పడవని నీట్లోకి దింపీ రోజున క్రేను పట్టీలకి ఏలాడతంటే కిందకి దూరి ఎయ్యాల. పైన పడవంతా ఏలాడతంది, నాను ఎల్లకిలా పడుకున్నాను. భయంతో గబగబా గీకి, రెండు కోట్లు పూసి బయటపడ్డాను.

రెండేళ్లకి ఆ పడవ మళ్లీ వచ్చింది. కీలంతా సుబ్బరంగా ఉంది. అడుగున దిమ్మ సోట మాత్రం అరసెయ్యంత తుప్పు. మేస్త్రీ వంగి సూసినాడు, నన్ను సూసినాడు. మాటాడకుండా గ్రైండరు తెచ్చి నా సేతిలో పెట్టినాడు.