మూడు సమపాళ్లు: నాందేడ్ కడాహ్ ప్రసాదం, దాని కట్టుబాటు

గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగంగా ఉండి, ఆ ఏడాది రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు చెందింది గనుక, తెలుగువారికి ఆ ఊరితో రాకపోకలు పాతవే. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ తన తరువాత సిక్కుల పవిత్ర గ్రంథమే గురువని ప్రకటించి, 1708లో అక్కడే తనువు చాలించారు. ఆ స్థలంలో పంజాబ్ పాలకుడు మహారాజా రంజిత్ సింగ్ 1832-1837 మధ్య కట్టించిన హజూర్ సాహిబ్ గురుద్వారా, సిక్కుల ఐదు తఖ్తులలో, అనగా మతాధికార పీఠాలలో, ఒకటి. అక్కడ భక్తుల దోసిట్లో పెట్టే గోధుమపిండి హల్వా పేరు కడాహ్ ప్రసాదం.

ఒక తీపి పదార్థానికి ఎంత కచ్చితమైన ప్రమాణం పెట్టుకోవచ్చో తెలుసుకోవడానికి ఈ ప్రసాదాన్ని మించిన ఉదాహరణ అరుదు. గురువు కొలువులోని పారశీక కవి భాయీ నంద్‌లాల్ పేరిట వాడుకలో ఉన్న తన్ఖాహ్‌నామా అనే నియమావళి దీని తయారీ విధానాన్నే నిర్దేశించింది: పిండి, నెయ్యి, చక్కెర మూడూ సమపాళ్లలో ఉండాలి, వంటచోటు ఊడ్చి అలకాలి, పాత్రలు తోమి కడగాలి, వండేవారు స్నానం చేసి, భగవన్నామం తప్ప మరో మాట పలకకుండా పని సాగించాలి, కొత్త కుండలో నీరు నింపి దగ్గర ఉంచుకోవాలి. ఇన్ని చెప్పిన ఆ విధిలో రుచి ప్రస్తావనే లేదు. కొలతా శుచీ తప్పకపోతే రుచి దానంతటదే వస్తుందన్న ధీమా అందులో కనబడుతుంది.

ఆ ధీమా ఉత్తదేమీ కాదు. పెద్ద ఇనుప కడాయిలో నెయ్యి కాచి, అందులో గోధుమపిండి పోసి, అడుగంటకుండా కలియబెడుతూ ముదురు గోధుమరంగు తిరిగేదాకా వేయించి, వేరుగా కాచిన చక్కెర నీళ్లు పోసినప్పుడు అది ఒక్కసారి భగ్గున పొంగి, క్రమంగా దగ్గరపడి, అంచుల వెంట నెయ్యి వదులుతుంది. వేపుడు తక్కువైతే పచ్చివాసన, ఎక్కువైతే చేదు. దాచడానికి యాలకులూ జీడిపప్పూ ఉండవు. పిండితో సమంగా నెయ్యి ఇంటి హల్వాలో ఎవరూ పోయరు గనుక, తిన్న తరువాత అరచేతులకు మిగిలే జిడ్డే కొలత తప్పలేదనడానికి సాక్ష్యం.

సమపాళ్ల సూత్రం ఒక్క సిక్కు వంటశాలదే కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో పిండి, వెన్న, చక్కెర, గుడ్లు ఒక్కొక్క పౌను చొప్పున కలిపి చేసిన పౌండ్ కేకును హన్నా గ్లాస్ 1747 నాటి తన వంటల పుస్తకంలో చేర్చింది.

తెలుగు నేలపై ఇటువంటి పట్టింపుకు పేరుపొందినది తిరుమల లడ్డూ. దేవస్థానం 1950లో దాని దిట్టాన్ని, అనగా దినుసుల పరిమాణాల పట్టికను, ఖరారు చేసింది. తరువాత సవరించిన లెక్క ప్రకారం 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400 కిలోలు పడతాయి. అది కార్యాలయం రాసి పెట్టుకున్న ప్రమాణం, దానికి తూనికలూ గిడ్డంగులూ లెక్కలూ కావాలి. నాందేడ్ ప్రమాణం మాత్రం లెక్క రాయనవసరం లేనిది. మూడు సమపాళ్లన్న మాట ఒక్కసారి విన్నవాడు మరచిపోడు, పదిమందికైనా పదివేలమందికైనా అది మారదు. ఊరూరా గురుద్వారాలు వెలసినా ప్రసాదం ఒకే తీరుగా నిలవడానికి ఈ సరళతే ప్రధాన కారణమని భావించవచ్చు.

గురుద్వారాల నిర్వహణ సంస్థ అయిన శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ 1945లో ఆమోదించిన సిక్కు రెహత్ మర్యాదా, అనగా ఆచార సంహిత, ఈ సమపాళ్లనే స్థిరపరచి, పంపకానికీ నియమం పెట్టింది: కృపాణంతో తాకించిన ప్రసాదంలో ముందుగా పంచ్ ప్యారేల, అనగా ఐదుగురు ప్రియశిష్యుల, భాగం తీసి, మిగిలినది కులమూ హోదా చూడకుండా అందరికీ సమానంగా పెట్టాలి.