తిట్టుకు గొడవ, దెబ్బకు మౌనం



మొన్న మన షోలాపూర్ నేత వాడలో ఒక పిల్లాడి చేతిలో బ్యాట్‌మ్యాన్ బొమ్మల కథల పుస్తకం కనబడింది. అందులో ఒక ఇంగ్లీషు తిట్టు ఉందని గ్రూపులో రెండు రోజులు గొడవ. పుస్తకం నిండా మూతి పగలగొట్టే దెబ్బలే. వాటి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మేమూ అనలేదు.

ఇది మన వాడ సంగతి మాత్రమే కాదు. 2008లో అమెరికాలో డీసీ కంపెనీ, ఫ్రాంక్ మిల్లర్ రాసిన బ్యాట్‌మ్యాన్ కథల్లో పదో సంచికను వెనక్కి తీసుకుంది. తిట్ల మీద వేసిన నల్ల పట్టీలు పలుచగా అచ్చయి, కింది అక్షరాలు చదవడానికి వచ్చాయి. అదే వార్త అయింది. దెబ్బలు మొదటి సంచిక నుంచీ ఉన్నాయి. వాటి కోసం ఏ సంచికా వెనక్కి రాలేదు.

మన తెలుగులోనూ ఇలాంటి చరిత్ర ఉంది. 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాదులో దిగంబర కవులు తమ మొదటి సంపుటిని రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు చేత విడుదల చేయించారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని ఆరుగురు. 1968 దాకా మూడు సంపుటాలు వచ్చాయి. సమాజంలోని కుళ్లు మీద, దోపిడీ మీద కోపంతో రాశారు. చాలామంది మాత్రం అందులోని బూతులనే పట్టుకున్నారు, అశ్లీలం అన్నారు.

అదే 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి, కట్టేసి, సజీవంగా కాల్చి చంపారు. కవిత్వాన్ని అశ్లీలం అన్నవాళ్లు ఈ పనిని ఏమనాలి?

బూతు మంచిదని మేము చెప్పడం లేదు. పిల్లల నోట వస్తే మందలించాల్సిందే. కానీ పక్కింట్లో తిట్టు వినబడితే సంఘానికి ఫిర్యాదు వస్తుంది. అదే ఇంట్లో ఆడమనిషి మీద చెయ్యి లేస్తే, అది వాళ్లింటి సంగతి అని తలుపు వేసుకుంటున్నాం. ఎన్నో ఏళ్లుగా మేమూ అలాగే వేసుకున్నాం.

వచ్చే మీటింగులో ముందు దెబ్బ సంగతి మాట్లాడదాం. తిట్టు సంగతి తర్వాత చూద్దాం.