కల్పిత భాషలలో మూలభాష: టోల్కీన్ భాషానిర్మాణంలో ధ్వనిసూత్రాలు, సాక్ష్యం

ఉపోద్ఘాతం:

తులనాత్మక భాషాశాస్త్రం తెలిసిన రూపాల నుండి తెలియని రూపం వైపు సాగుతుంది. తెలుగు 'చెవి'కి కన్నడ 'కివి', తెలుగు 'చేటు'కు కన్నడ 'కేడు' సజాతీయ పదాలు. ఇటువంటి పదాలను పోల్చి, మూలద్రావిడంలో పదాది వర్ణం కకారమనీ, తాలవ్యాచ్చుల ముందు తెలుగులో అది చకారంగా మారిందనీ పండితులు నిర్ణయించారు. భద్రిరాజు కృష్ణమూర్తి 'తెలుగు వెర్బల్ బేసెస్' (1961) ఈ పద్ధతికి ప్రామాణికమైన ఉదాహరణ.

కల్పిత భాషను నిర్మించేవారు దానికొక మూలభాషను కూడా కల్పించినప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. మూలరూపం ముందు పుడుతుంది. వారసరూపాలు దాని నుండి వస్తాయి. ఎన్నడూ లేని ఆ పూర్వరూపం తప్పని చెప్పగల సాక్ష్యం ఏదైనా ఉంటుందా? జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) నిర్మించిన క్వెన్యా, సిందారిన్ భాషల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

మూలభాష అవసరం:

కల్పిత భాషలన్నింటికీ మూలభాష అవసరం లేదు. జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించిన ఎస్పరాంటో ధాతువులను ఐరోపా భాషల నుండి గ్రహించింది. సులభంగా నేర్చుకోవడమే దాని లక్ష్యం కనుక అపవాదాలకు అందులో చోటివ్వలేదు. టోల్కీన్ లక్ష్యం వేరు. 1919–20లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కార్యాలయంలో పనిచేసి, అనంతరం లీడ్స్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో బోధించిన ఈ భాషాశాస్త్రవేత్త దృష్టిలో చరిత్ర లేని భాష అసంపూర్ణం. క్వెన్యాకు ఫిన్నిష్, సిందారిన్‌కు వెల్ష్ ధ్వనిసౌందర్యం స్ఫూర్తినిచ్చాయి. ఇంత భిన్నంగా వినిపించే రెండు భాషలను ఆయన ఒకే మూలం నుండి రాబట్టాడు.

ధ్వనిసూత్రాలు:

'చెట్టు' అనే అర్థంలో మూలరూపం *గలదా. క్వెన్యాలో పదాది గకారం లోపించి, నడిమి అచ్చు జారిపోయి 'అల్ద' అయింది. సిందారిన్‌లో గకారం నిలిచింది, పదాంతాచ్చు పోయింది, దకారం ఊష్మధ్వనిగా మారింది. 'మాట'కు మూలరూపం *క్వెత్తా. క్వెన్యా 'క్వెత్త'లో పదాది ధ్వని నిలవగా సిందారిన్‌లో అది పకారమైంది. ద్విత్వ తకారం ఊష్మమై 'పెథ్' ఏర్పడింది. క్వకారం పకారమయ్యే మార్పు కెల్టిక్ భాషా కుటుంబాన్ని విభజించిన మార్పే. 'నాలుగు'కు ప్రాచీన ఐరిష్ 'కెథిర్' కాగా వెల్ష్ 'పెద్వార్'.

అపవాదాలుగా కనిపించే రూపాలకు కూడా మూలభాషే సమాధానం. సిందారిన్‌లో 'అదన్' (మనిషి) బహువచనం 'ఎదైన్'. ఇక్కడ ప్రత్యయం కనబడదు, అచ్చులే మారాయి. ఒకప్పటి ఇకారాంత బహువచన ప్రత్యయం ముందున్న అచ్చులను మార్చి, తాను లోపించిందని చరిత్ర చెబుతుంది. వెల్ష్ 'మార్ఖ్' (గుర్రం), 'మెయిర్ఖ్' (గుర్రాలు) రూపాల వెనుక ఉన్నదీ ఇటువంటి పరిణామమే.

సాక్ష్యం, స్వేచ్ఛ:

బరో, ఎమెనో సంకలనం చేసిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) సజాతీయ పదాలను ఒకచోట చేర్చిందే తప్ప మూలరూపాలను ఇవ్వలేదు. 1930ల చివర టోల్కీన్ రాసుకున్న 'ఎటిమాలజీస్' ఇందుకు భిన్నంగా ధాతువుతో మొదలై వారసపదాలకు వస్తుంది. శాస్త్రవేత్తకు మూలరూపం ఒక ప్రతిపాదన, కల్పనాకారునికి అది ఆరంభ బిందువు. ప్రతిపాదనకు పరీక్ష ఉంటుంది. సొస్యూర్ 1879 నాటి గ్రంథంలో మూల ఇండో-యూరోపియన్‌కు ఊహించిన ధ్వనులకు హిట్టైట్ భాషలో ఆధారం ఉన్నట్లు కురిలోవిచ్ 1927లో చూపాడు. టోల్కీన్ మూలరూపాలకు అటువంటి పరీక్ష పెట్టగల హిట్టైట్ ఏదీ లేదు.

ఈ స్వేచ్ఛను ఆయన విస్తృతంగా వాడుకున్నాడు. 'ఎటిమాలజీస్'లో వెల్ష్‌ను పోలిన భాష పేరు నోల్దోరిన్. అది నోల్దోర్ అనే జాతి భాష. తరువాత అదే భాష సిందార్ అనే మరొక జాతికి చెందిన సిందారిన్ అయింది. పదాలు, ధ్వనిసూత్రాలు చాలావరకు నిలిచాయి, వాటి చరిత్ర మారింది. సహజ భాషను పరిశోధించేవారికి ఈ వెసులుబాటు లేదు.

అయితే 1954–55లో 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అచ్చయ్యాక పరిస్థితి మారింది. ముద్రిత పదాలను తొలగించడం ఇక రచయితకు సులభం కాదు. 1960ల చివర లేదా ఆ తరువాత రాసిన ఒక వ్యాసంలో ఆయన 'ఎల్రోస్' అనే పేరులోని 'రోస్' మానవుల భాషలలో ఒకదాని నుండి వచ్చిందని విస్తారంగా వ్యుత్పత్తి చెప్పాడు. కానీ 'కైర్ ఆంద్రోస్' అనే దీవి పేరులో అదే పదాంశం సిందారిన్ పదంగా అప్పటికే ముద్రితమైంది. అది గమనించాక తన వివరణలో చాలా భాగం నిలవదని ఆయనే ఆ ప్రతిపై రాసుకున్నాడు. ఈ వ్యాసం ఆయన మరణానంతరం 1996లో వెలువడింది.

ముగింపు:

'రోస్' ప్రసంగంలో టోల్కీన్ తులనాత్మక భాషాశాస్త్రవేత్త స్థానంలోనే నిలిచాడు. ఎదుట మార్చరాని పదం ఉంది. దానికి పొసగని చరిత్రను వదులుకోవలసి వచ్చింది. శాసనంలోని రూపం వ్యుత్పత్తికారుని ఊహను నియంత్రించినట్లే అచ్చులోని రూపం ఆ రూపాన్ని సృష్టించినవానినే నియంత్రించింది. కాబట్టి కల్పిత మూలభాష ప్రామాణికతను దాని ప్రాచీనతా భ్రాంతితోనో ధాతువుల సంఖ్యతోనో కొలవలేము. ధ్వనిసూత్రాలను క్రమంగా పాటించడం, ఒకసారి స్థిరపడిన రూపాలకు లోబడడం అనే రెండు నియమాలే దానికి కొలమానాలు. వీటిలో మొదటిది రచయిత స్వయంగా విధించుకున్నది. రెండవది మాత్రం, రచన పాఠకుల చేతికి చేరాక, ఆయన ఇష్టంతో నిమిత్తం లేకుండా అమలులోకి వచ్చింది.