పూల్ టేబుల్‌కు అయస్కాంత బంతి: ఎంపికలో మెలకువలు

అమెరికా బార్లలో నాణెం వేసి ఆడే పూల్ టేబుళ్లు సర్వసాధారణం. పాకెట్‌లో పడిన రంగు బంతులు తాళం వేసిన అరలోకి చేరి, మళ్లీ డబ్బు వేసేవరకు బయటకు రావు. కర్రతో కొట్టే తెల్ల బంతి, అంటే క్యూ బాల్, మాత్రం పొరపాటున పడినా వెంటనే తిరిగి రావాలి. అదీ ఆ అరలోకే పోతే ఆట ఆగినట్లే, వేసిన డబ్బు పోయినట్లే.

పాత టేబుళ్లు చాలావాటిలో బంతులను వేరు చేసేందుకు పరిమాణమే ఆధారం. రంగు బంతుల వ్యాసం 2.25 అంగుళాలు కాగా, తెల్లదాని వ్యాసం 2.375 అంగుళాలు. బరువు ఎక్కువ కావడంతో అది ఎదుటి బంతిని తాకాక ఆగాల్సిన చోట ఆగక ముందుకు సాగుతుంది. వెనక్కి రప్పించడం మరీ కష్టం.

అయస్కాంత బంతితో ఈ ఇబ్బంది తప్పింది. నిజానికి అయస్కాంతం ఉండేది టేబుల్ లోపల. బంతిలో ఉండేది ఇనుమే. దొర్లుతూ వచ్చిన బంతిని అయస్కాంతం పక్కదారికి లాగుతుంది.

కొనేముందు టేబుల్ తయారీదారు సూచించిన రకమేదో తెలుసుకోవాలి. పరిమాణంతో వేరుచేసే టేబుల్‌లో ఈ బంతి వేస్తే అరలో చిక్కుకుంటుంది. తర్వాత బరువు. సాధారణ బంతి 5.5 నుంచి 6 ఔన్సులు, అంటే 156 నుంచి 170 గ్రాములు తూగుతుంది. అంతకు మించనిదే మేలు. ఇనుము ఒక పక్కకు ఒరిగితే బంతి నెమ్మదించే వేళ వంకరపోతుంది. చవక బంతులతో వచ్చే చిక్కు ఇదే. సమతలంపై మెల్లగా దొర్లిస్తే లోపం బయటపడుతుంది. ఫినాలిక్ రెజిన్ బంతులు ఖరీదైనా, పాలియెస్టర్ వాటికంటే ఎక్కువ కాలం మన్నుతాయి. కాంతి సెన్సర్లున్న కొత్త టేబుళ్లకు మాత్రం మామూలు తెల్ల బంతే సరిపోతుంది.