రంగం వెళ్లే ఓడ

1920ల నాటి కాకినాడ రేవు. సంక్రాంతి వెళ్లిపోయింది. మీరు ఒడ్డున నిలబడ్డారు గానీ రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లే ఓడ కనిపించదు. కళ్లు చికిలించి చూస్తే మైళ్ల అవతల ఒక పొగ చార. ఇక్కడ ఒండ్రు మేటవేసి తీరం లోతు తగ్గిపోయింది, పెద్ద ఓడ లోపలికి రాలేదు. నావెక్కి దాని దగ్గరకు వెళ్లాల్సిందే.

దగ్గరపడే కొద్దీ నల్లటి పొగగొట్టం, దాని మీద రెండు తెల్ల పట్టీలు. అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ గుర్తు. 1856లో మెకిన్నన్ అనే స్కాట్లండ్ వర్తకుడు, కలకత్తా నుంచి రంగూన్‌కు సర్కారు టపా మోసే ఒప్పందంతో దీన్ని మొదలుపెట్టాడు. గాలి వీచినా వీచకపోయినా ఉత్తరం గడువుకు చేరాలి. తెరచాపను ఆవిరి గెలిచింది వేగంతో కన్నా ఆ నమ్మకంతోనే అంటాను.

"ఒరేయ్, ముందు చాప పరవండ్రా! చోటు పోతే మళ్లీ దొరకదు," కూలీలను పోగుచేసి తీసుకెళ్లే మేస్త్రీ కేక.

డెక్కు టికెట్టంటే ఇంతే. చాప ఎంతో మీ చోటు అంత. అటుకుల మూట తలకింద, యంత్రం అదురు వీపుకింద. టపా సంచులు సీలుతో, తాళం గదిలో, తడి తగలకుండా ఉన్నాయి. అల తుంపర మీ మీద పడుతోంది. పక్క కుర్రాడు వాంతులతో వేలాడిపోయాడు. మేస్త్రీ ఇచ్చిన బయానా ఇంటి దగ్గరే ఖర్చయింది, ఓడ కిరాయీ అప్పే. బియ్యం మిల్లుల్లోనో రేవులోనో మూటలు మోసి తీర్చాలి.

కొన్ని రోజులకు నీలి నీళ్లు బురదరంగుకు తిరుగుతాయి. రంగూన్ నది. ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరం కనపడగానే డెక్కంతా లేచి నిలబడుతుంది. రేవులో కూలీల కేకలు తెలుగులోనే! తిరుగు ఓడలో ఇలాంటి సంచుల్లోనే వీళ్ల ఉత్తరాలు, మనియార్డర్లు ఊళ్లకు బయల్దేరతాయి. అప్పటికి ఇది వేరే దేశం కాదు, 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులు. కంపెనీ ఓడల పేర్లు, టన్నులు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. చాపల మీద వెళ్లినవాళ్ల పేర్లు చాలావరకు ఇళ్లలోని పెద్దల నోళ్లలోనే మిగిలాయి. మీ ముత్తాత రంగం వెళ్లాడని ఎప్పుడైనా విని ఉంటే, ఆయన పేరూ ఊరూ చేసిన పనీ అడిగి ఇప్పుడే రాసిపెట్టండి.