ఇలకూర: కరవునాటి తీరాంధ్రుల శాకము

ఈ మహాసభా సంచికకు మన పూర్వచరిత్రమును గూర్చి కొన్ని పుటలు వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరిరి. శాసనములను, దానపత్రములను గూర్చి వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము ఒక కూరాకును గూర్చి వ్రాయుచున్నాము. పాఠకమహాశయులు క్షమింతురుగాక. ఆ కూరాకు లేకున్నచో ఈ సభకు విచ్చేసిన తీరగ్రామముల వారిలో కొందఱ వంశములు నిలిచియుండెడివి కావేమో.

సముద్రపు పోటునీరు ఎక్కి దిగెడు పఱ్ఱభూములలోను, ఉప్పుమళ్ల గట్లమీదను, మడ అడవుల అంచులందును ఇలకూర మొలచును. గుబురుగా పెరుగు చిన్న మొక్క. ఆకులు సన్నములై, గుండ్రనివై, నీటితో నిండి కండపట్టి యుండును. ఎండలు ముదిరినకొలది ఎఱ్ఱబాఱును. పచ్చియాకును నమలినచో నాలుకకు ఉప్పు తగులును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సువేడా మారిటిమా యందురు. భావప్రకాశమున శాకవర్గములో చెప్పబడిన లోణిక యిదియేయని వాదించువారిని మేము ఎఱుగుదుము. అది సరికాదు. లోణిక యనగా చేలలోను, తోటలలోను మొలచు మన పాయలకూర. ఆ పేరులో లవణశబ్దపు ఛాయ యుండుటచే ఈ పొరపాటు కలిగియుండును.

1791లో, అనగా విరోధికృత్ సంవత్సరమున, ఉత్తర సర్కారులలో వానలు తప్పెను. అప్పటికి ధవళేశ్వరమున ఆనకట్ట లేదు. దాని పని 1847లో గాని మొదలు కాలేదు. పరీధావి గడచి 1793 వచ్చినను కరవు తీఱలేదు. ఆ దినములలో కుంపిణీవారి వృక్షశాస్త్రజ్ఞుడైన విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు వైద్యుడు సామర్లకోటలో నుండెను. పిఠాపురపు రాజావారు తమ తాతగారి దస్త్రములలో దొరకిన, అంతకు నూఱేండ్ల మునుపటి కరవు వృత్తాంతమును అతనికి తెలిపిరి. ఇలకూరను అతడు సాల్సోలా ఇండికా యను పేరున వర్ణించి, తీరమునందలి అన్ని తరగతులవారును దీనిని తినుచుండిరనియు, ఈ కరవులో వేలకొలది ప్రాణములు ఈ యాకుచేతనే నిలిచెననియు తెలిపెను. అది దొరకినంత కాలము కడలియొద్ది పేదలకు ఇంచుమించుగా అదియే యాహారమట. 'దొరకినంత కాలము' అనుచోట మేము ప్రతిసారియు ఆగుదుము. రాజుల దస్త్రములలో కరవు నిలిచినది. పేదలను బ్రతికించిన కూర పేరు నిలుచుటకు పరదేశీయుని గ్రంథము కావలసివచ్చినది.

మా పితామహి దీనిని వండు తీరు మాకు కన్నులకు కట్టినట్లున్నది. లేతచిగుళ్లను మాత్రమే గిల్లి, నీరు సమృద్ధిగా పోసి ఉడికించి, ఆ నీటిని వార్చి, మరల ఉడికించి వార్చెడిది. పిదప పెసరపప్పుతో గాని, ఎండురొయ్యలతో గాని కలిపి పోపు పెట్టెడిది. ఉప్పు వేయునది కాదు. మెట్టయూళ్లనుండి వచ్చిన క్రొత్తకోడలు ఉప్పుచేట ముట్టినదా, ఆ దినమంతయు ఇంట నవ్వులే. కరవున పప్పెక్కడిది? ఉడికిన యాకులో గుప్పెడు నూకలు పడినచో అదియే భాగ్యము.

వైద్యవిషయము కొంచెమే చెప్పుదుము. ఈ జాతి ఉప్పుమొక్కలను కాల్చిన బూడిదనుండి సర్జికాక్షారము తీయుదురు. అది యవక్షార టంకణములతో కూడి క్షారత్రయమై, అజీర్ణ గుల్మములకు ఔషధమగును. తీరమున కామిలకు ఇలకూరను వాడుట కలదు. దానిని నమ్మి వైద్యుని మానుట తగదు. రక్తపుపోటు గలవారును, మూత్రపిండములలో రాళ్లు గలవారును దీనిని మితముగా తినవలెను. మేమును ఆ మొదటి తెగలోని వారమే.

ఒక సభా విందులో ఈ కూర వండింపుడని మేము సూచింపగా, 'కరవుకూరయా?' యని ఒక పెద్దమనిషి నవ్వెను. పట్టణములకు చేరిన మనవారు కొందఱు దాని పేరెత్తుటకే సిగ్గుపడుదురు. ఇంతలో 1990 తరువాత పఱ్ఱలు పెక్కు రొయ్యల చెరువులైనవి. గడచిన పుష్యమాసమున మా యూరి పఱ్ఱకు పోయి చూచితిమి. చెరువుగట్టునకును ఉప్పుటేటికిని నడుమ మిగిలిన సన్నని పట్టెలో ఇలకూర ఎఱ్ఱగా పరచుకొనియుండెను. ఒక వృద్ధురాలు కూర్చుండి చిగుళ్లు గిల్లుచుండెను. మమ్ము గుర్తుపట్టి, "మాస్టరుగారూ, అమ్మగారికి రెండుసార్లు వార్చమని చెప్పండి" అని తన యొడిలోని కూర సగము మా రుమాలులో పోసెను.