విద్యావినిమయమున ఆతిథేయులు

తపతీనది సముద్రమున కలియు తావునకు చేరువనున్న గ్రామము డుమస్. సూరతునుండి అచటికి పోవు మార్గమున, 1961లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా వెలసిన సర్దార్ వల్లభభాయి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. అన్యదేశ విద్యార్థులు ఇట్టి సంస్థలకు వచ్చుట నేడు వింత కాదు. వారి పత్రములు పరిశీలించి, వసతి కుదిర్చి, అచటి చదువునకును ఇచటి చదువునకును సామ్యము చూచు ఉద్యోగులు విద్యాసంస్థలలో ఉందురు. వారిది కేవలము కాగితముల పనియని పలువురి తలంపు. కాని ఆ పనికి పూర్వచరిత్ర కలదు. అందొక ముఖ్యఘట్టము సూరతులోనే జరిగినది.

1758లో ఆంక్వెతిల్ దుపెరోన్ అను ఫ్రెంచి యువకుడు అవెస్తాను నేర్వగోరి సూరతు చేరెను. దస్తూర్ దారాబు అను పారసీ పురోహితుడు అతనికి గురువయ్యెను. ఇరువురకును వాహికయైనది ఫారసీ భాష. 1761లో సూరతు విడిచిన ఆంక్వెతిల్, మరుసటి యేట 180 వ్రాతప్రతులతో పారిస్ చేరి, 1771లో అవెస్తా అనువాదమును ప్రకటించెను. విలియం జోన్సు దానిని ఆక్షేపించెను; 1826లో డెన్మార్కు పండితుడు రాస్క్ ఆ భాష ప్రాచీనతను సమర్థించెను. వాదము ఐరోపా పండితుల నడుమ నడచినది. అనువాదపు గుణదోషములు రెండింటికిని మూలము దారాబు చెప్పిన పాఠమే అయినను, కీర్తియు అపకీర్తియు అతిథికే దక్కినవి.

సూరతువలెనే మచిలీపట్టణమును విదేశ వర్తకమునకు పేరొందిన రేవు. 17వ శతాబ్ది తొలినాళ్ళలో ఆంగ్లేయులు రెండుచోట్లను కోఠీలు నెలకొల్పిరి. వర్తకము వెంట విద్యయు వచ్చినది. తెలుగువాడైన కావలి బొర్రయ్య (1776–1803) కర్నల్ మెకంజీకి శాసనములను, స్థలచరిత్రలను సేకరించి యిచ్చెను. అతడు పిన్నవయసున గతింపగా సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. బొర్రయ్య పరిచయమే తనకు భారతీయ విజ్ఞానద్వారమును తెరచినదని మెకంజీ స్వయముగా ఒప్పుకొనెను. అయినను ఆ సంపద నేటికిని మెకంజీ పేరిటనే చెలామణి యగుచున్నది.

స్వాతంత్ర్యానంతరము ఈ వినిమయము వ్యక్తులనుండి సంస్థలకు మారినది. 1950లో భారతీయ సాంస్కృతిక సంబంధముల మండలి ఏర్పడెను. ఆ యేటనే అమెరికాతో ఫుల్‌బ్రైటు ఒడంబడిక జరిగెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, తరువాత ఉస్మానియాలో భాషాశాస్త్రశాఖను తీర్చిదిద్దిరి. 1964లో ఆ ఆవరణముననే అమెరికా విషయముల పరిశోధన కేంద్రము వెలసెను. 1971లో వెల్చేరు నారాయణరావుగారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున తెలుగు బోధింప నారంభించిరి. విదేశ విద్యార్థులకై హైదరాబాదు విశ్వవిద్యాలయము 1998లో ప్రత్యేక కార్యక్రమమును ప్రారంభించెను. ఈ దశలో తెలుగువాడు సహాయకుడుగా గాక, ఆచార్యుడుగా గుర్తింపు పొందెను. ఇది గొప్ప మార్పు.

అయినను ఒక లోటు మిగిలినది. సాంకేతిక విద్య ఆంగ్లమున సాగుటచే, డుమస్ మార్గమున చదివిన విదేశ విద్యార్థి గుజరాతీ అక్షరము రాకయే పట్టము పొందవచ్చును. వరంగల్లులోని జాతీయ విద్యాసంస్థలో తెలుగు సంగతియు అంతియే. వీసా, నమోదు, వసతి అన్నియు సక్రమముగా జరుగును. దారాబు కూర్చున్న పీఠము మాత్రము ఖాళీగా ఉండును. వినిమయమనగా ఇచ్చిపుచ్చుకొనుట. మన భాషను ఈయనిచో అది సగమే యగును. కావున అంతర్జాతీయ సంబంధముల కార్యాలయములు స్థానికభాషా బోధనను తమ విధులలో చేర్చుకొనుట యుక్తము. అట్లే, నేర్పినవారి పేర్లను, వారి ఉత్తరములను భద్రపరచుటయు అవసరము. అనువాదకులును తమ పీఠికలలో అట్టివారిని పేర్కొనవలెను. పరదేశమున మన కావ్యమొకటి వెలువడినపుడు, దాని వెనుక పాఠము చెప్పిన వ్యక్తి యెవరో తెలియుట సాహిత్యచరిత్రకు అలంకారము కాదు, ఆధారము.